లేత గుర్రం తొలి సవారీలు



కిందటేడు సంక్రాంతి వెళ్లిన వారానికి మొయినాబాదు వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. ఆయన కూతురికి పన్నెండేళ్లు. గుర్రాలంటే ప్రాణం. ఆ పిల్ల కోసం రాజస్థాన్ నుంచి ఒక మార్వాడీ ఆడగుర్రాన్ని తెప్పించారు. పేరు గౌరి. వయసు మూడున్నర. "మొదట నెలా నెలన్నరా ఎంత నెమ్మదిగా ఉందోనండీ! మా అమ్మాయి ఎక్కితే బుద్ధిగా నడిచేది. రెండు వారాల నుంచి మొండికేస్తోంది. ఎటు తిప్పినా గేటు వైపే లాగుతుంది. ఊరికే తల విదిలిస్తుంది. నిన్న అమ్మాయిని పడేసింది. పొగరు బాగా తలకెక్కింది, మీరొకసారి వచ్చి దించాలి" అన్నారు.

ఇరవై ఏళ్లకు పైగా లేత గుర్రాలకు సవారీ నేర్పే పనిలో ఉన్నాను. ఇలాంటి ఫోన్లు చాలా వచ్చాయి. చెప్పే మనుషులు మారతారు, చెప్పే వరస మాత్రం మారదు. మొదట బాగుంది, తర్వాత చెడిపోయింది. ఆ వరస వెనక ఏం జరుగుతుందో ఈరోజు మీకు వివరంగా చెప్పాలని వచ్చాను. గుర్రం కొనుక్కునే స్తోమత, కొనాలన్న సరదా మన దగ్గర పెరుగుతున్నాయి. హైదరాబాదు చుట్టుపక్కల తోటలున్నవాళ్లు చాలామంది ఒకటో రెండో గుర్రాలను పెట్టుకుంటున్నారు. సంతోషమే. కానీ మనిషి ఎక్కడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న గుర్రం ఎలా ఉంటుందో తెలియకపోవడం వల్ల మంచి జంతువులు పాడవుతున్నాయి, మనుషులు దెబ్బలు తింటున్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. గౌరి నల్లటిది, నుదుటి మీద వేలెడంత తెల్ల మచ్చ. మార్వాడీ గుర్రాల చెవులు లోపలికి వంపు తిరిగి కొసలు దాదాపు తాకుతుంటాయి కదా, ఆ చెవులు రెండూ నా వైపే పెట్టి చూస్తోంది. జీను వేయమనలేదు. ముందు నోరు చూస్తానన్నాను. ఎడమచేత్తో ముక్కుదూలం మీద పట్టుకుని, కుడి బొటనవేలితో కింది పెదవిని మెల్లగా తెరిచాను. ముందుపళ్లలో నట్టనడిమి రెండూ కొత్తవి, వెడల్పుగా, గట్టిగా ఉన్నాయి. వాటికి అటూ ఇటూ ఉన్నవి చిన్నవి, తెల్లవి, పాలపళ్లు. ఒకదాన్ని వేలితో తాకితే కదిలింది. చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది.

గుర్రానికి 24 పాలపళ్లుంటాయి. ముందుపళ్లలో నడిమివి రెండున్నరేళ్లకు ఊడతాయి, పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు. అదే కాలంలో లోపల దవడపళ్లు కూడా పన్నెండు రాలాలి. కింది నుంచి కొత్త పన్ను పొడుచుకొస్తుంటే పాత పన్ను టోపీలాగా దాని మీద వదులై కూర్చుని ఉంటుంది. కొన్ని గుర్రాలకు పై దవడపళ్ల ముందు ఇంకో చిన్న పన్ను వస్తుంది. దాన్ని తోడేలు పన్ను అంటారు. ముందుపళ్లకూ దవడపళ్లకూ నడుమ పళ్లు లేని చోటు ఉంటుంది, కళ్లెపు ఇనుము ఆనేది అక్కడే. పగ్గం లాగినప్పుడల్లా ఆ ఇనుము వెనక్కి జరిగి తోడేలు పన్నుకో, సలుపుతున్న చిగురుకో తగులుతుంది. మనం గుర్రాలకు కళ్లెం వేసి ఎక్కడం మొదలుపెట్టేది సరిగ్గా ఈ రెండున్నర, నాలుగున్నర ఏళ్ల మధ్యే. ఇంట్లో ఆరేళ్ల పిల్లాడికి పన్ను ఊగుతుంటే అన్నం మెత్తగా కలిపి పెడతాం. ఇక్కడేమో ఊగే పన్ను పక్కన ఇనుప కడ్డీ పెట్టి, తల విదిలించిందని కోప్పడతాం.

పశువైద్యుణ్ణి పిలిపించారు. తోడేలు పన్నొకటి, వదులైన టోపీ పన్నొకటి తీశారు. మూడు వారాల దాకా నోట్లో ఇనుము పెట్టొద్దన్నారు. గౌరి తల విదిలించడం అంతటితో సగానికి సగం తగ్గింది.

మిగతా సగం సంగతి చెప్పడానికి కొంచెం ఎముకల గురించి మాట్లాడాలి. గుర్రం రెండేళ్లకే పెద్దదిగా కనిపిస్తుంది. ఎత్తు వస్తుంది, మెడ నిండుతుంది, మనకది ఎదిగిన గుర్రమే అనిపిస్తుంది. లోపల అలా ఉండదు. ఎముక కొసల దగ్గర ఎదుగుదల జరిగే మెత్తటి పొరలుంటాయి. అవి గట్టిపడడం డెక్క దగ్గర మొదలై పైకి పోతుంది. మోకాళ్లు, భుజాలు తర్వాత. అన్నింటికన్నా ఆఖరు వెన్నెముక. వెన్నుపూసలు పూర్తిగా గట్టిపడేసరికి ఐదారేళ్లు నిండుతాయి. అంటే మనం జీను వేసి కూర్చునే చోటే అన్నిటికన్నా ఆలస్యంగా తయారవుతుందన్నమాట. రెండేళ్లకే పందేలకు దించే పద్ధతి ప్రపంచమంతటా ఉంది, మన దేశంలోనూ ఉంది. ఆ గుర్రాల పెంపకం వేరు, వాటి మీద కూర్చునే జాకీల బరువు వేరు, ఆ పద్ధతి మీద వాదోపవాదాలూ వేరే ఉన్నాయి. ఇంటి గుర్రానికి ఆ తొందర అక్కర్లేదు. నా వరకు నేను నాలుగో ఏడు నిండాకే ఎక్కుతాను. అదీ తేలికపాటి మనిషినే ఎక్కిస్తాను. ఎదిగిన గుర్రమే తన బరువులో ఐదో వంతు దాటితే ఇబ్బంది పడుతుంది. జీను బరువూ అందులోదే. లేత గుర్రానికి అంతకన్నా బాగా తక్కువ ఉండాలి.

పిల్ల తండ్రిగారితో అదే చెప్పాను. "దసరా దాకా ఎవరూ ఎక్కొద్దు. ఈలోగా నేల మీద నేర్పుదాం" అన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. పిల్ల మాత్రం, "దసరా దాకా నేను రోజూ దువ్వొచ్చా అండీ?" అని అడిగింది. దువ్వమన్నాను.

నేల మీద నేర్పడమంటే, పొడవాటి తాడు కట్టి చుట్టూ తిప్పుతూ మాట అలవాటు చేయడం. "చల్" అంటే కదలాలి, "హో" అంటే ఆగాలి. ఆ తర్వాత రెండు పక్కలా రెండు పొడవాటి తాళ్లు కట్టి, మనం వెనక నడుస్తూ తోలడం. మన రైతులు కోడెకు కాడి అలవాటు చేసే తీరు గుర్తు చేసుకోండి. కొత్త కోడెను ఒంటరిగా నాగలికి కట్టరు. అనుభవమున్న ఎద్దుకు జోడు కడతారు. మొదట ఉత్త కాడి, తర్వాత తేలికైన మొద్దు, ఆ తర్వాతే నాగలి. కొన్నాళ్లు పొద్దున కాసేపే. కోడె పక్కకు పోతే జోడెద్దే దాన్ని దారిలో పెడుతుంది. లేత గుర్రానికీ పాత గుర్రం తోడు అంతే అవసరం. మొదటిసారి బయటి దారి పట్టినప్పుడు ముందు ఒక నిదానమైన గుర్రం నడుస్తుంటే, దాని తోక చూసుకుంటూ ఇది కల్వర్టు దాటుతుంది, నీళ్ల గుంట దాటుతుంది, ఆటోరిక్షా పక్కనుంచి పోతుంది. అదే ఒంటరిగా అయితే కల్వర్టు దగ్గరే అరగంట.

ఈ నిదానం ఎప్పుడూ ఉన్నదే. 3,300 ఏళ్లకు పైనే అయింది, ఇప్పటి టర్కీలో ఉన్న హిట్టైట్ల రాజ్యంలో, కిక్కులి అనే మిటన్నీ దేశపు గుర్రాల శిక్షకుడి పద్ధతిని మట్టిపలకల మీద రాసిపెట్టారు. రథాల గుర్రాలను ఏ రోజు ఎంత నడిపించాలి, ఎంత మేత పెట్టాలి, ఎప్పుడు కడగాలి అని రోజువారీ లెక్క, ఏడు నెలల కార్యక్రమం. అందులో గుర్రం వేసే చుట్లకు వాడిన మాటలు ఐకవర్తన్న, పంజవర్తన్న. ఏక, పంచ, వర్తన అనే మాటలు మన చెవికి ఇట్టే తెలిసిపోతాయి. అంత దూరాన, అంత పాతకాలంలో గుర్రాల శిక్షణకు సంస్కృతానికి దగ్గరి మాటలు వాడారని మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

సరే, దసరా వెళ్లేసరికి గౌరికి నాలుగేళ్లు నిండాయి. మొదటిసారి మనిషి ఎక్కే రోజు.

ఈ పని నాకు నేర్పినాయన, మిలిటరీలో గుర్రాల దగ్గర పనిచేసి వచ్చిన సైస్. మేమందరం చాచా అని పిలిచేవాళ్లం. ఆయన ఎప్పుడూ గుర్రం మీదికి సూటిగా ఎక్కనిచ్చేవాడు కాదు. ఎడమ ముందుకాలి మోచేయి వెనక అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. తీరికగా నిలబడిన గుర్రం గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. మనిషి రికాబులో కాలు పెట్టబోతే చాలు, అది అమాంతం పెరిగిపోతుంది. పైకి గుర్రం బొమ్మలాగా కదలకుండా ఉండొచ్చు. కదలనిది భయపడలేదనుకోకూడదు. చాచా చెయ్యి అలాగే పెట్టి ఉంచేవాడు, ఒక్కోసారి పది నిమిషాలు. గుర్రం ముక్కు పుటాలు అదిరేలా పొడుగ్గా ఊపిరి వదిలి, పెదవులు చప్పరించి, తల కాస్త దించాక, "ఇప్పుడు" అనేవాడు.

గౌరి దగ్గర ఆ పని నేను చేశాను. ఎక్కింది నా దగ్గర పనిచేసే కుర్రవాడు, యాభై కిలోలుంటాడు. మొదటి మూడు రోజులూ జీను మీద అడ్డంగా, గోనెబస్తాలాగా పొట్ట ఆనించి వాలడమే. రెండు వైపుల నుంచీ. గుర్రం కళ్లు తలకు అటూ ఇటూ ఉంటాయి, చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది. సరిగ్గా వెనకా, నుదుటి ముందు కొద్దిగానూ మాత్రం కనపడదు. ఎడమ కంటితో చూసి అలవాటు పడిన మనిషి అకస్మాత్తుగా కుడి కంటి వైపు ప్రత్యక్షమైతే, అది దానికి కొత్త సంగతే. గుర్రం మీద అడ్డంగా వాలిన మనిషి కాలు అవతలి వైపుకు వెయ్యగానే చాలా గుర్రాలు ఎగిరిపడేది అందుకే. నాలుగో రోజు కుర్రవాడు కాలు వేసి మెల్లగా లేచి కూర్చున్నాడు. గౌరి చెవులు రెండూ వెనక్కి తిరిగాయి. జీను కింద వీపు కొంచెం ఉబ్బింది. ఎవరమూ కదల్లేదు. అలా ఒక నిమిషం ఉండి ఊపిరి వదిలింది. దించేశాం. ఆ రోజుకు పని అంతే.

ఐదో రోజు నడిపించాం. నేను తాడు పట్టుకుని ముందు. తొలిసారి మనిషిని మోసే గుర్రం నడక మీరు చూసి ఉండకపోతే చెబుతాను వినండి. తాగినవాడి నడకలా ఉంటుంది. నాలుగడుగులు తిన్నగా వేస్తుంది, ఐదో అడుగు పక్కకు పోతుంది. ఆగుతుంది. ముందుకాలు తడబడుతుంది. తిప్పబోతే మెడ ఒక వైపు, ఒళ్లు ఇంకో వైపు. ఎందుకంటే గుర్రం ఒంటి బరువులో నూటికి 60 పాళ్లు దాని ముందుకాళ్ల మీదే ఉంటుంది. మనం వెళ్లి మూపు వెనకే కూర్చుంటాం, ఆ ముందుకాళ్లకే ఇంకా బరువు పెంచుతాం. పైగా ఆ బరువు కదిలే బరువు. పల్లెటూళ్లో మొదటిసారి నెత్తిన బిందె పెట్టుకుని చెరువు నుంచి వచ్చే పిల్లను చూశారా? నిండు బిందె నయం. సగం బిందె అయితే లోపల నీళ్లు అటూ ఇటూ ఊగి, పిల్లను ఊపేస్తాయి. సవారీ బాగా వచ్చినవాడు నిండు బిందె. రానివాడు సగం బిందె.

మరి గౌరి గేటు వైపు ఎందుకు లాగేది? సంక్రాంతి ముందరి ఆ నెలన్నరలో దాని మీద సగం బిందె ఉంది, పాపం ఆ పిల్ల తప్పేమీ లేదు. తనను తాను నిలదొక్కుకోవడమే చేతకాని గుర్రం, ఊగే బరువును మోస్తూ, తెలిసిన చోటికి ఒరిగిపోతుంది. తెలిసిన చోటు లాయం. గేటు లాయం వైపు ఉంది. నేల ఎటు పల్లమైతే నీళ్లు అటు పోయినట్టు, అది గేటు వైపుకు జారిపోయేది. పగ్గం లాగితే మెడ ఇటు వస్తుంది, ఒళ్లు అటే పోతుంది. దీనికి మందు పగ్గం బలంగా లాగడం అసలే కాదు. గేటుకు దూరంగా ఉన్న మూల దగ్గరే ఆపి, నిలబెట్టి, మెడ నిమిరి, అక్కడే దిగిపోవాలి. నాలుగైదు రోజులు అలా చేస్తే గుర్రానికి ఆ దూరపు మూల హాయైన చోటవుతుంది.

అసలు మొదటి నెలా నెలన్నరా లేత గుర్రం బుద్ధిగా ఎందుకుంటుంది? తన మీద ఏం జరుగుతోందో అర్థంకాక బిగుసుకుని ఉంటుంది కాబట్టి. ఐదో వారం, ఆరో వారం వచ్చేసరికి అర్థం కావడం మొదలవుతుంది. అప్పుడు అడుగుతుంది. ఇటు పోకపోతే ఏమవుతుంది? నిలబడిపోతే ఏమవుతుంది? అప్పటికి కండరాలు నొప్పి పెడుతుంటాయి కూడా, ఎన్నడూ చేయని పని చేస్తున్నాయి కదా. అందుకని ఆరో వారంలో "చెడిపోవడం" కోసం నేను ప్రతి గుర్రం దగ్గరా ఎదురుచూస్తాను. రాకపోతేనే నాకు అనుమానం. ఆ వారంలో పని పెంచను, తగ్గిస్తాను. తెలిసిన మూడు సంగతులే అడుగుతాను. కదలడం, ఆగడం, పెద్ద మలుపు తిరగడం. అవి చేయగానే మెడ నిమిరి దిగిపోతాను.

ఇలా చెడినట్టు కనిపించడానికి ఇంకో కారణం ఎదుగుదల. లేత గుర్రాలు సమంగా పెరగవు. కొన్ని నెలలు వెనకభాగం పెరిగి పిర్రలు మూపు కన్నా ఎత్తుగా ఉంటాయి, కొన్నాళ్లకు ముందుభాగం అందుకుంటుంది. వెనక ఎత్తైనప్పుడు జీను ముందుకు జారుతుంది, గుర్రం ఏటవాలు దిగుతున్నట్టు నడుస్తుంది, నిన్నటిదాకా చేసిన పని ఈరోజు చేయలేదు. నేను ఈ పనిలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక సవారీ బడిలో నాలుగేళ్ల మగగుర్రాన్ని అప్పగించారు. అప్పుడది సరిగ్గా ఆ దశలో ఉంది. రెండు వారాల కిందట చక్కగా కాంటర్ (నెమ్మది దౌడు) చేసిన గుర్రం ఇప్పుడు చేయనంటోందని, మడమతో పొడిచి పొడిచి చేయించాను. మలుపులో వెనకకాలు ముందుకాలికి తగిలి పడింది. నాకు చెయ్యి విరిగింది, దానిదేముంది. గుర్రం మూడు నెలలు కుంటింది. ఆ తర్వాత కూడా కుడి మలుపు వస్తే చాలు, ఒళ్లంతా బిగబట్టేది. చాచా నన్ను ఒక్క మాట అనలేదు. కొలతబద్ద తెచ్చి మూపు ఎత్తూ పిర్రల ఎత్తూ నా చేత కొలిపించి, పుస్తకంలో రాయించాడు. అప్పటి నుంచి ప్రతి లేత గుర్రాన్నీ నెలకోసారి కొలుస్తాను. జీను సరిపోతోందో లేదో అదే రోజు చూస్తాను. గౌరికి ఏడాదిలో రెండుసార్లు జీను మార్చాల్సొచ్చింది.

నడకల సంగతి. అమరకోశం గుర్రపు గతులు ఐదని చెప్పి పేర్లిచ్చింది. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. పంచధారలంటారు వీటిని. మన లాయాల్లో కదమ్ (నడక), దుల్కీ (ట్రాట్) అనే హిందుస్తానీ మాటలూ, ట్రాట్, కాంటర్ అనే మాటలూ కలిసి నడుస్తున్నాయి. పేరేదైనా కానీ, మొదటి మూడు నెలల్లో నాకు కావలసింది నడక, కొంచెం దుల్కీ. దుల్కీలో గుర్రం ఒక్కోసారి పరుగులాగా చిన్న చిన్న అడుగులు వేస్తూ తొందరపడుతుంది. అది ఉత్సాహం అనుకుంటారు. ముందుకు పడిపోతున్న మనిషి పరుగెత్తినట్టు, అది కూడా పడకుండా పరుగెత్తుతోంది. నడకకు తెచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. కాంటర్ తొలినాళ్లలో అడగనే అడగను. బయట మెత్తటి నేల మీద, కొంచెం ఎత్తు ఎక్కేటప్పుడు, ముందు గుర్రం కాంటర్ చేస్తే ఇదీ అందుకుంటుంది. అదే చాలు.

రోజుకు ఇరవై నిమిషాలు. వారానికి నాలుగు రోజులు. రెండు మూడు నెలలయ్యాక ఒక నెల పూర్తిగా సెలవు, బయట గడ్డిలో తిరగడానికి వదిలేయడం. నెల తర్వాత వచ్చిన గుర్రం వెళ్లిన గుర్రం కన్నా బాగా చేస్తుంది. ఇది ఇన్నేళ్లలో మళ్లీ మళ్లీ చూశాను.

మేత గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన వైపు గుర్రానికి ఉలవలు నానబెట్టో ఉడకబెట్టో పెట్టడం ఉంది. పని చేసే గుర్రానికి మంచిదే. లేత గుర్రాన్ని రోజులో ఇరవై మూడు గంటలు లాయంలో కట్టేసి, బక్కెట్టు నిండా ఉలవలు పెట్టి, మిగిలిన గంటలో నెమ్మదిగా ఉండమంటే ఎలా ఉంటుంది? నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఎండుగడ్డి లెక్కన ఆరు నుంచి ఎనిమిది కిలోల మేత కావాలి. అది ముందు. గింజలు తర్వాత, పనిని బట్టి. పగలంతా తిరగడానికి చోటు ఉండాలి. గౌరిని తోటలో వదలడం మొదలుపెట్టిన వారానికే సగం గంతులు పోయాయి.

క్షేమం విషయంలో నేను రాజీపడనివి కొన్ని ఉన్నాయి. హెల్మెట్ లేకుండా ఎవరూ ఎక్కకూడదు, నేల మీద రెండో మనిషి లేకుండా ఎవరూ ఎక్కకూడదు. గుర్రం మెడకు ఒక పాత రికాబు తోలుపట్టీ వదులుగా కడతాను. గుర్రం అదిరినప్పుడు సవారీ చేసే మనిషి పట్టు కోసం పగ్గాలు లాగేస్తాడు, అది సహజం. ఆ లాగుడు నోటి మీద పడకుండా పట్టీ పట్టుకోమంటాను. వంద రూపాయల పట్టీ, గుర్రపు నోటిని కాపాడుతుంది.

ఇప్పుడు నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న సంగతి. మన ఊళ్లలో పెళ్లి బరాత్‌లకు తెచ్చే గుర్రాలను చూస్తుంటాను. అన్నీ కాదు, కొన్ని మరీ లేతవి. నోట్లో ముళ్ల కళ్లెం, ముందు బ్యాండు, పక్కన జనరేటరు మోత, కాళ్ల దగ్గర టపాకాయలు, పైన ఎనభై తొంభై కిలోల పెళ్లికొడుకు. గుర్రం మెడ మీద చెమట నురగలాగా ఉంటుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంటుంది, తోక బిగించి పెట్టుకుంటుంది. అది నాట్యం చేస్తోందని జనం చప్పట్లు కొడతారు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫొన్ గుర్రపు సవారీ మీద పుస్తకం రాశాడు. లేత గుర్రాన్ని జనంలోకి తీసుకెళ్లి రకరకాల చప్పుళ్లూ దృశ్యాలూ అలవాటు చేయాలనీ, అది బెదిరితే కఠినంగా కాక, నెమ్మదిగా అందులో భయపడాల్సిందేమీ లేదని నేర్పాలనీ అందులో చెప్పాడు. యుద్ధగుర్రాల గురించి చెప్పినమాట ఇది. యుద్ధానికి పోయే గుర్రానికి ఇచ్చిన గడువు మన పెళ్లిగుర్రానికి ఇవ్వలేకపోతున్నాం. పెళ్లి చేసుకోబోయే కుర్రవాళ్లకు నా మనవి. గుర్రం కావాలనుకుంటే ముందురోజు వెళ్లి చూడండి. వయసు అడగండి. నోట్లో ఏముందో చూడండి. టపాకాయలు కాలుస్తున్నంతసేపూ గుర్రాన్ని దూరంగా ఉంచమని మీరే చెప్పండి, ఆరోజు మీ మాట ఎవరూ కాదనరు.

గౌరి దగ్గరికి మళ్లీ వస్తాను. ఎక్కడం మొదలుపెట్టి మూడు నెలలయ్యేసరికి అది ముందు గుర్రం తోడు లేకుండా తోట చుట్టూ ఉన్న బండిదారంతా ఒక్కతే నడిచొచ్చింది. దారిలో నీలం రంగు టార్పాలిన్ కప్పిన ఇటుకల కుప్ప ఒకటి ఉంది. పోయేటప్పుడు కుడి కంటితో చూసి ఆగింది, తల పైకెత్తి బుసకొట్టింది, రెండు నిమిషాలు చూసి దాటింది. వచ్చేటప్పుడు అదే కుప్ప ఎడమ కంటికి కనిపించింది. మళ్లీ ఆగింది, మళ్లీ మొదటి నుంచి చూసింది. కుర్రవాడు పగ్గాలు వదులుగా పెట్టి కూర్చున్నాడు, మడమ తగిలించలేదు. గౌరి మెడ చాచి, టార్పాలిన్ కొసను వాసన చూసి, పళ్లతో పట్టుకుని లాగి చూసింది. తర్వాత ఇంటికి నడిచింది.

ఆ పిల్ల ఈ కాలమంతా ఖాళీగా లేదు. ఆ తండ్రి నా మాట మన్నించి, నెమ్మదైన పద్నాలుగేళ్ల గుర్రాన్ని ఒకదాన్ని తెచ్చారు. పిల్ల దాని మీద కూర్చోవడం నేర్చుకుంది, పడింది, లేచింది, చేతులు నోటి మీద పడకుండా పగ్గం పట్టడం నేర్చుకుంది. రోజూ సాయంత్రం గౌరిని దువ్వుతూనే ఉంది. గౌరికి ఐదో ఏడు వచ్చింది. మొన్న ఉగాదికి పిల్లను మొదటిసారి దాని మీద మళ్లీ ఎక్కించాం, పది నిమిషాలు, నడకే. గేటు దగ్గరికి వచ్చినప్పుడు గౌరి చెవి ఒకటి అటు తిప్పింది, అంతే. నడుస్తూనే ఉంది.

పిల్లలకు గుర్రం కొనివ్వాలనుకునే తల్లిదండ్రులు చాలామంది, "ఇద్దరూ కలిసి పెరుగుతారు కదండీ" అని లేత గుర్రాన్ని తెస్తారు. వద్దండీ. గుర్రానికి సవారీ రానప్పుడు మనిషికి రావాలి, మనిషికి రానప్పుడు గుర్రానికి రావాలి. మీ పిల్లకు పదేళ్లయితే, ఆ పిల్ల ఎక్కే గుర్రానికి కూడా పదేళ్లు దాటి ఉండేలా చూడండి.